రోస్‌ఫెల్డ్ కొండ దారిలో ముగ్గురం

మా ఆయన ఎడమ కంట్లో బుడగ ఉన్నన్నాళ్ళూ కొండలెక్కకూడదన్నారు డాక్టర్లు.

రెటీనా ఊడితే ఆపరేషన్ చేశారు. అది మళ్ళీ అతుక్కునేదాకా నొక్కిపట్టి ఉంచడానికి కంటి లోపల గ్యాసు నింపారు. ఎత్తైన చోటికి వెళితే ఆ గ్యాసు ఉబ్బుతుందట, కంటికే ముప్పట. ఆయన రోజూ పొద్దున్నే లేచి ఆ బుడగ ఎంత ఉందో చెప్పేవారు. మొదట్లో "రసమట్టంలో బుడగలా ఉందోయ్, తల వంచితే అటూ ఇటూ జారుతోంది" అనేవారు. తర్వాత శనగగింజంత అన్నారు, ఆపైన ఆవగింజంత. ఒకరోజు కాఫీ తాగుతూ "పోయింది" అన్నారు. అని, కిటికీలోంచి కింద వీధిలో ఆగి ఉన్న మా కారుని చూస్తూ కూర్చున్నారు.

బుడగ పోయింది గానీ ఆ కంటికి చూపు సరిగ్గా రాలేదు. తిన్నని గీత వంకరగా కనిపిస్తుంది. మెట్టు ఎంత కిందుందో తెలియక కాలు తడుముకోవాల్సి వస్తుంది. మళ్ళీ పరీక్ష చేసి చెప్పేదాకా కారు ముట్టుకోవద్దన్నారు. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇరవై ఆరేళ్ళుగా కార్ల బ్రేకులు పరీక్షించడమే ఆయన ఉద్యోగం. మంచు మీద, నీళ్ళలో, ఇసుకలో కారుని ఉరికించి ఆపడం ఆయనకి పొద్దున్నే పళ్ళు తోముకోవడం లాంటిది. అలాంటి మనిషి బస్టాపులో నిలబడి టైం చూసుకోవడం చూస్తే నాకే ఎలాగో ఉండేది.

నాకు లైసెన్సు వచ్చి అప్పటికి పదకొండు నెలలు. యాభై రెండో ఏట, మూడో ప్రయత్నంలో వచ్చింది. పిల్లల్ని చూసుకునే కీటాలో నా ఉద్యోగం. అది ఇంటికి దగ్గరే, సైకిల్ మీద పోయి వచ్చేదాన్ని. కారు అవసరం ఎప్పుడూ రాలేదు. అమ్మాయి బ్రెమెన్‌లో చదువుకి వెళ్ళిపోయాక ఇంట్లో సాయంత్రాలు తోచక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. కూరగాయలకీ, అల్లికకి నూలు కొనుక్కోవడానికీ తప్ప కారు పెద్దగా తీసిందీ లేదు.

"సెలవు పెట్టండి, ఆల్ప్స్ కొండలకి పోదాం. నేను నడుపుతాను" అన్నానోరోజు. ఆయన నవ్వలేదు, కాదనలేదు. అమ్మాయికి ఫోన్లో చెబితే "అమ్మా, ఎర్న్‌స్ట్‌హాఫ్ట్?" అంది. నిజంగానేనా అని. "నిజంగానే" అన్నాను. కాసేపాగి "దెన్ టేక్ వింటర్ జాకెట్స్, ఈవెన్ ఇన్ జూన్" అని పెట్టేసింది.

రెండు రోజులు పట్టింది మాకు. హైవే మీద కుడివైపు వరసలో, ఏదో ఒక లారీ వెనకాలే, దాని వెనక తలుపుల మీద రాతలన్నీ కంఠతా వచ్చేదాకా నడిపాను. ఎడమవైపు నుంచి కార్లు ఈలలేసుకుంటూ పోతున్నాయి. మా ఆయన ఒక్క మాటా అనలేదు గానీ, దారి పొడవునా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. న్యూరెంబర్గ్ దగ్గర రాత్రికి ఆగినప్పుడు "కాలు పీకుతోంది" అన్నారు. "ఎందుకు పీకదూ, మీరే కదా నడిపింది" అన్నాను. అప్పుడు నవ్వారు. ఆపరేషనయ్యాక అలా నవ్వడం అదే మొదలు.

మేము వెళ్ళింది బాద్ రైఖెన్‌హాల్ అనే ఊరికి. చుట్టూ కొండలు, నడుమ గిన్నె అడుగులో మిగిలిన అన్నంలా ఊరు. పూర్వం నుంచీ ఉప్పునీటి ఊటలతో బతికిన ఊరది. ఎర్ర ఇటుకల పాత ఉప్పు కార్ఖానా ఊరి మధ్యలోనే ఉంది. ఉబ్బసం, ఆయాసం ఉన్నవాళ్ళు గాలి మార్పుకి ఇక్కడికి వస్తారు. అందుకేనేమో వీధుల్లో ఎవరికీ తొందర లేదు. నా డ్రైవింగుకి సరిపోయిన ఊరనిపించింది. ఒక సందులో కారు నిలపడానికి ఏడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే, వెనకాల కారులో ముసలాయన హారన్ కొట్టకుండా దినపత్రిక విప్పి చదువుకున్నాడు.

మొదటి సాయంత్రం పార్కులోకి నడిచి వెళ్ళాం. అక్కడ ఒక వింత కట్టడం ఉంది. పొడవాటి చెక్క పందిరి లాంటిది. దాని నిండా ముళ్ళకంప ఎండుపుల్లలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. పైనుంచి ఉప్పునీరు బొట్లుబొట్లుగా వాటి మీదుగా కిందికి జారుతోంది. ఆ గాలి పీల్చుకుంటూ జనం దాని చుట్టూ నెమ్మదిగా ప్రదక్షిణం చేస్తున్నారు. మేమూ కలిశాం. పెదాల మీద ఉప్పు తగులుతోంది.

"అచ్చం వట్టివేళ్ళ తడికలా ఉందోయ్. ఎండాకాలం నీళ్ళు చల్లేవాళ్ళం చూడు" అన్నారు మా ఆయన.

"వట్టివేళ్ళయితే పరిమళం వచ్చేది. ఇది ఒట్టి ఉప్పే" అన్నారెవరో తెలుగులో.

ఇద్దరం ఉలిక్కిపడి చూశాం. బెంచీ మీద ఒక పెద్దావిడ. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, బూడిదరంగు ప్యాంటు, ఒళ్ళో చేతికర్ర. ఎనభై దాటి ఉంటాయి. మా ముఖాలు చూసి తృప్తిగా నవ్వారు.

ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరు. బందరులో పుట్టి, గుంటూరులో వైద్యం చదివి, యాభై ఏళ్ళ కిందటే ఒంటరిగా జర్మనీ వచ్చారట. ఈ ఊళ్ళోనే ఆసుపత్రిలో పనిచేసి, ఇక్కడే రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ మాట్లాడుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కారుని మోటారు అంటారు, ఆదివారాన్ని భానువారం అంటారు. తెలుగు మాట్లాడి నాలుగు నెలలైందన్నారు. ఆ నాలుగు నెలలకీ సరిపడా ఆ సాయంత్రం మాట్లాడేశారు.

"రేపు ఎక్కడికి పోతారు?" అని అడిగారు.

"దగ్గర్లో సరస్సులేవో ఉన్నాయటగా, అవి చూద్దామని" అన్నారు మా ఆయన.

"కొండ దారి కూడా ఎక్కాలనుందండీ నాకు" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "రోస్‌ఫెల్డ్ ఎక్కు అమ్మాయ్. బెర్ష్‌టెస్‌గాడెన్ దాటాక మొదలవుతుంది. దేశంలో అంత ఎత్తుకి మోటారు పోయే దారి ఇంకోటి లేదంటారు. నేను లైసెన్సు ఇచ్చేసి అయిదేళ్ళయింది, అప్పట్నుంచీ చూడలేదు." కర్రని ఒకసారి అటూ ఇటూ తిప్పి, మొహమాటం లేకుండా అడిగారు. "నన్నూ తీసుకుపోతారా?"

మా ఆయన కంగారుగా "మా ఆవిడ కొత్త డ్రైవరండీ" అన్నారు.

"ఆ దారిలో మోటారు తోలడం నేర్చుకున్నప్పుడు నేనూ కొత్తదాన్నే నాయనా" అన్నారావిడ.

మర్నాడు తొమ్మిదింటికి ఆవిడ ఇంటి ముందు కారు ఆపేసరికి బూట్లు, కోటు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నారు. వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని "పోనీ" అన్నారు, రిక్షా అబ్బాయికి చెప్పినట్టు.

బెర్ష్‌టెస్‌గాడెన్ దాకా దారి సుఖంగానే ఉంది. పచ్చిక మైదానాలు, బాల్కనీల నిండా ఎర్రపూలతో ఇళ్ళు, కొత్తగా కోసిన గడ్డి వాసన. తర్వాత మొదలైంది ఎక్కుడు. దారి కొండని చుట్టుకుంటూ పైకి లేచింది. మూడో గేరు చాలదు, రెండో గేరులో ఇంజను మూలుగుతోంది. ముందు ఇద్దరు సైకిళ్ళ వాళ్ళు, వెనక ఒక టూరిస్టు బస్సు. ఒక పెద్ద వంపులో సైకిలాయన ఆగిపోతే నేనూ ఆపాను. మళ్ళీ కదలబోతే ఇంజను ఆగిపోయింది. స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆగింది. అద్దంలో బస్సు ముఖం తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"నేను దిగి బస్సువాడికి చెప్తాను" అంటూ మా ఆయన బెల్టు విప్పబోయారు.

"కూర్చోండి. ఏం చెయ్యాలో నాకు చెప్పండి, వాడికి కాదు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత ఆయన గొంతు మారింది. ఫ్యాక్టరీలో కొత్త కుర్రాళ్ళతో ఇలాగే మాట్లాడతారేమో. "హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచు. యాక్సిలరేటరు ఇంకొంచెం తొక్కు. క్లచ్ మెల్లగా వదులు... కారు ముక్కు పైకి లేచింది చూశావా? ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు దించెయ్." కారు వెనక్కి అంగుళం కూడా జారకుండా కదిలింది. వెనక సీట్లోంచి చప్పట్లు వినిపించాయి.

పైన కారు ఆపి దిగాం. గాలి చల్లగా, పల్చగా ఉంది. ఒకవైపు ఆస్ట్రియా, ఒకవైపు జర్మనీ. దూరంగా కింద సాల్జ్‌బర్గ్ నగరం దోసెడు ముత్యాలు పారబోసినట్టుంది. ఇటువైపు ఆకాశానికి గోడ కట్టినట్టు గోల్ శిఖరం, దాని పగుళ్ళలో ఇంకా కరగని మంచు. డాక్టరుగారు కర్ర ఎత్తి ఒక్కొక్క శిఖరాన్నీ చూపిస్తూ పేర్లు చెప్పారు, పెళ్ళింట్లో చుట్టాల్ని పరిచయం చేసినట్టు. ఆ తర్వాత ఒక బెంచీ దగ్గరికి నడిచి వెళ్ళి కూర్చున్నారు. మేమూ పక్కన కూర్చున్నాం. గడ్డిలో ఆవుల మెడగంటలు మోగుతున్నాయి.

"వార్డులో ఎవరైనా పోయిన రోజు డ్యూటీ దిగి ఇక్కడికి వచ్చేదాన్ని" అన్నారు కాసేపటికి. "ఇంటికి వెళితే ఎవరితో చెప్పుకోను? ఇక్కడ గంట కూర్చుని, ఆకలేస్తే దిగిపోయేదాన్ని."

మాచేత ఏదో అనిపించుకోవాలని చెప్పినట్టు లేదు. దగ్గర్లోని చెక్క హోటల్లో మజ్జిగ తాగాం. మా ఆయన కోటు జేబులో చేతులు పెట్టుకుని అంచుదాకా నడిచి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, కొండల్ని పరీక్షగా చూసుకుంటున్నారు. తిరిగి వచ్చి "ఎడమ కన్నుతో చూస్తే కొండ కొంచెం కరిగినట్టుంది. అదీ బాగానే ఉంది" అన్నారు.

మబ్బు ఎప్పుడు లేచిందో తెలియలేదు. లోయలోంచి పాలు పొంగినట్టు పైకి వచ్చింది. పది నిమిషాల్లో సాల్జ్‌బర్గ్ లేదు, గోల్ లేదు, మా కారు కూడా లేదు. గంటల చప్పుడు మాత్రం ఉంది. కారులో కూర్చుని అరగంట చూశాం. సన్నగా వాన మొదలైంది. మా ఆయన ఇంకా ఆగుదామన్నారు. వెనకాల డాక్టరుగారు దగ్గడం మొదలుపెట్టారు. హీటరు వేసినా ఆవిడ పెదాలు నల్లబడుతున్నాయి.

"ఇది సాయంత్రందాకా పోదు. నాకు తెలుసు దీని సంగతి" అన్నారావిడ.

దిగడం తప్పదు. నాకు అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న బస్సు డ్రైవరు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు మీద ఆయన డ్యూటీ. వేసవి సెలవుల్లో నన్ను ఇంజను బానెట్ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. లంబసింగి దగ్గర తెల్లారి మంచు ఇలాగే ఉండేది. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలమ్మా. బ్రేకు మీద కాలేసుకుని కూర్చుంటే అది అలిసిపోద్ది" అనేవాడు. నాకు డ్రైవింగు నేర్పాలని ఆయనకీ తోచలేదు, నేర్పమని అడగాలని నాకూ తోచలేదు. ఏదో పాటలోని చరణంలా ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది.

ఫాగ్ లైట్లు వేసి రెండో గేరులో పెట్టాను. కారు ముందు నాలుగు బారల మేర తారు కనిపిస్తోంది. ఆపైన తెలుపు.

"నాకేమీ కనపడటం లేదు" అన్నారు మా ఆయన. ఆ గొంతులో భయం నేనెప్పుడూ వినలేదు.

"నాకూ కనపడటం లేదండీ. మీ కుడికన్ను బాగానే ఉందిగా? అద్దం దించి అంచు గీత చూడండి. ఎంత దూరంలో ఉందో చెబుతూ ఉండండి" అన్నాను.

ఆయన అద్దం దించి తల బయటికి పెట్టారు. వాన ముఖం మీద కొడుతోంది. "గీత ఉంది. అడుగున్నర... అడుగున్నర... కొంచెం ఎడమకి తీసుకో... ఆ, చాలు."

వెనకనుంచి డాక్టరుగారు దగ్గు ఆపుకుంటూ ముందుకి వంగారు. "ఇంకో నాలుగు క్షణాల్లో కుడికి తిరుగుతుంది. పెద్ద వంపు. అది దాటాక తిన్నగా ఉంటుంది, భయపడకు."

కుడికి తిరిగింది. తర్వాత తిన్నగానే ఉంది. వందలసార్లు దిగిన దారి ఆవిడది. కళ్ళు మూసుకుని చెబుతుండడం అద్దంలో చూశాను. "ఇప్పుడు ఎడమ. మళ్ళీ ఎడమ. ఇక్కడ ఒక నీళ్ళతొట్టి ఉండాలి." తెలుపులోంచి చెక్క తొట్టి వచ్చి, పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఒక్కచోట మాత్రం కుడి అన్నారు. "కాదు, గీత ఎడమకి పోతోంది!" అని అరిచారు మా ఆయన. నేను దాదాపు ఆపేసి, స్టీరింగు ఎడమకి తిప్పాను. కుడివైపు కంచె కర్రలు, వాటి అవతల ఏమీ లేనితనం కనిపించి మాయమయ్యాయి. "క్షమించు. వయసు" అన్నారావిడ. "ఫరవాలేదు, తర్వాతది చెప్పండి" అన్నాను. చెప్పారు. ఆ తర్వాత ఒక్కటీ తప్పు పోలేదు.

ఎంతసేపు దిగామో తెలియదు. హఠాత్తుగా మబ్బు అడుగునుంచి కింద పడ్డట్టు బయటపడ్డాం. ఎదురుగా తడిసిన పచ్చిక, ఎర్ర పెంకుల కప్పు, దారి పక్కన నింపాదిగా నెమరేస్తున్న ఆవులు. రోడ్డు వారన ఆపి ఇంజను కట్టేశాను. మా ఆయన జుట్టంతా ముద్దగా తడిసిపోయింది. ముఖం తుడుచుకోకుండానే నా చేతి మీద చెయ్యి వేశారు.

"ఒక్కసారి కూడా బ్రేకు వాసన రాలేదోయ్" అన్నారు.

ఇరవై ఆరేళ్ళ బ్రేకుల మనిషి నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదని నాకు తెలుసు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

డాక్టరుగారి ఇంట్లో వేడి టీ తాగుతుండగా మా ఆయన అడిగారు. "మీరు లైసెన్సు ఎందుకు ఇచ్చేశారు? ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు. ఒకరోజు పక్కింటివాళ్ళ కంచెకి తగిలించాను. కంచె కాబట్టి సరిపోయింది. మర్నాడే ఆఫీసుకి పోయి బల్ల మీద పెట్టి వచ్చాను. వారం రోజులు ఏడ్చాను, ఆపైన బస్సుల టైములు నేర్చుకున్నాను." కప్పు దించి, డాక్టరు చూపు చూశారు. "మీ సంగతి వేరు నాయనా. పరీక్షలో సరే అంటే ఒక కంటి మీద ఆధారపడి నడిపేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. పరీక్షకి టెర్మిన్ ఏ తేదీకి దొరికింది?"

"తీసుకోలేదండీ."

"ఎందుకూ?"

"కాదంటే?" అన్నారాయన. కాదంటారేమోనన్న భయంతో ఆయన టెర్మిన్ అడగనే లేదని నాకూ అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం బసకి వచ్చాక ఫోన్ చేసి ఆగస్టుకి తీసుకున్నారు. తర్వాత ఆ పరీక్షలో ఊళ్ళో నడపడానికి సరే అన్నారు. ఇప్పుడు ఆఫీసుకి ఆయనే నడుపుకుంటూ వెళ్తారు. దూరం పోయేటప్పుడు మాత్రం తాళం నాకిస్తారు. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ చర్చించుకోలేదు.

తర్వాత మూడు రోజులు కొండల కింద తిరిగాం. ఊరి పక్కనే ఉన్న తుంజే సరస్సులో మా ఆయన నడుములోతు నీళ్ళలోకి దిగి కెవ్వుమని బయటికి వచ్చారు. రామ్జౌ దగ్గర ఏటి ఒడ్డున చర్చి చూశాం. హింటర్జే అనే చిన్న సరస్సుకి వెళ్ళే దారి తప్పి, ఒక రైతు ఇంటి వాకిట్లోకి పోయాం. అక్కడ చెర్రీలు కొనుక్కుని, అవి తింటూ వెనక్కి తిప్పుకోవడానికి పది నిమిషాలు పట్టినా ఎవరికీ తొందర లేదు. తిరిగినంతసేపూ వెనక సీట్లో డాక్టరుగారు ఉన్నారు. ఏ మలుపులో ఏ రోగి ఇల్లో, ఎవరికి ఊపిరి బాగుపడిందో చెబుతూ.

బయల్దేరే రోజు పొద్దున ఆవిడ మా చేతికి ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. "దారిలో తినండి" అన్నారు.

మ్యూనిక్ దాటకముందే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. రేడియోలో పొడవాటి ష్టౌ, అంటే ట్రాఫిక్ జాం, అని చెప్పారు. ఇంజన్లు ఆపేసి జనం కార్లు దిగి నిలబడ్డారు. ఎండగా ఉంది. మేము తలుపులు తెరిచిపెట్టుకుని డబ్బా మూత తీశాం. పులిహోర. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ అన్నీ ఉన్నాయి. కానీ పులుపు చింతపండుది కాదు. డబ్బా మీద అంటించిన చీటీలో ముత్యాల్లాంటి పాతకాలపు రాతలో ఉంది: "నేను వచ్చిన కొత్తలో ఇక్కడ చింతపండు దొరికేది కాదు. ఇక్కడి పుల్లటి రుబార్బ్ కాడలతో చేయడం అలవాటైంది. ఇప్పుడు దొరుకుతున్నా నాకు ఇదే పులిహోర."

మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి నమిలారు.

"గోంగూరకి చెల్లెలి వరసవుతుందోయ్ ఇది" అన్నారు. ఇంకో ముద్ద తీసుకున్నారు. ముందున్న కార్లు కదలడం మొదలుపెట్టినప్పుడు నా చేతులు ఇంకా నూనెగానే ఉన్నాయి.